తొడకొట్టిన అమ్మాయిలకు ఊరి పేరేదీ?

చెడుగుడు చూడనివాళ్లు మన సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఉంటారా? సంక్రాంతికో, దసరాకో, వినాయక చవితి పందిరి పక్కనో ఊరి కుర్రాళ్లు సున్నంతో గీతలు గీసి బరి సిద్ధం చేస్తారు. పెద్ద లైట్లు లేకపోతే ట్రాక్టరు లైట్లు ఉండనే ఉన్నాయి. మైకు పట్టుకున్నాయన కూతకు వెళుతున్నది ఎవరో చెప్పి ఊరుకోడు. వాడు ఎవరి కొడుకో, ఏ ఫ్యాక్టరీలో ఏ షిఫ్టు చేస్తాడో కూడా చెబుతాడు. ‘పట్టు... పట్టు!’ అని ఒక పక్క కేకలు, ‘గీత తాకు!’ అని ఇంకో పక్క కేకలు. తప్పించుకుని వచ్చినవాడు ఫెడీమని తొడకొడతాడు. ఇక ఈలలే ఈలలు.

ఇంత సందడిలో ఆడవాళ్లు ఎక్కడుంటారు? మేడల మీద ఉంటారు. అరుగుల మీద, చంటిపిల్లల్ని చంకనేసుకుని కాస్త ఎడంగా ఉంటారు. బరిలో మాత్రం ఉండరు.

అలాంటి ఆటే పట్నానికి వెళ్లి రంగు దీపాలు పెట్టుకుంది. ఊళ్లకు ఊళ్లు టిక్కెట్టు కొని చూశాయి. ఆ దీపాల వెలుగులోకి ఓ నెల రోజులపాటు అమ్మాయిలూ వచ్చారు. తర్వాత మళ్లీ కనిపించలేదు. ఎందుకని? వాళ్లకు ఆట రాకనా? జనం రాకనా? చూద్దాం.

కేకలు వేయించే గడియారం

ప్రొ కబడ్డీ లీగ్ 2014 జులై 26న ముంబైలో మొదలైంది. ఎనిమిది జట్లు. నడిపింది మషాల్ స్పోర్ట్స్, చూపించింది స్టార్ టీవీ. మొదటి సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని లెక్క తేలేసరికి, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని వ్యాపారులు నోళ్లు వెళ్లబెట్టారు. మట్టిలో, చెమటలో ఆడే ఆటకు ఇంత గిరాకీ ఉందా అని!

అసలు కిటుకు ఏమిటంటే ఆట పెద్దగా మారలేదు. తంతు మారింది. మట్టి పోయి రంగుల మ్యాట్ వచ్చింది. చుట్టూ దీపాలు ఆర్పేసి బరి మీద మాత్రమే వెలుగు నింపుతారు. ఆటగాడు పాట మోగుతుండగా, పేరు పిలిచాక, పెళ్లికొడుకులా నడిచి వస్తాడు. 2015 సీజన్‌కు అమితాబ్ బచ్చన్ చేత పాట పాడించారు. ‘లే పంగా’ అన్న ఆ మాటకు అర్థం తెలియని మన పిల్లలు కూడా తొడకొడుతూ అదే పాడుకున్నారు.

దీపాలకన్నా నాకు ముచ్చటగా అనిపించేవి రూల్సు. పాత ఆటలో కూతంటే ఊపిరి. ఎంతసేపు ఊపిరి బిగబడితే అంతసేపు కూత. లీగులో కూతకు 30 సెకన్లు. తెర మీద అంకెలు తగ్గుతుంటే స్టేడియం అంతా కలిసి లెక్కపెడుతుంది. వరసగా రెండుసార్లు ఒట్టి చేతుల్తో తిరిగొచ్చిన జట్టు మూడోసారి పాయింటు తేవాల్సిందే, లేకపోతే కూతకెళ్లినవాడు బయటికి. అవతల ముగ్గురో, అంతకన్నా తక్కువమందో మిగిలి ఉన్నప్పుడు వాళ్లు పట్టు పడితే ఒక పాయింటు ఎక్కువ. చూశారా? ఇవన్నీ ఆడేవాళ్లకంటే చూసేవాళ్లకే ఎక్కువ పనికొచ్చేవి. ‘ఇదిగో, ఇప్పుడు అరవండి’ అని జనానికి సైగ చేసేవి. ఆట ఏమీ తెలియని అమ్మమ్మ కూడా గడియారం చూసి కుర్చీ అంచుకు జరుగుతుంది.

దీనికి తోడు డీజే ఒకడు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు లేచి నిలబడాలో వాడే చెబుతాడు. ఇది మాత్రం నాకు అతిగా తోస్తుంది. బతుకమ్మ దగ్గర చప్పట్లు కొట్టమని మనకెవరు చెబుతారు? వందమంది ఆడవాళ్లు ఒక్క తాళంలో చరుస్తారు. అక్కడ ఆడేవాళ్లూ వాళ్లే, చూసేవాళ్లూ వాళ్లే.

అదలా ఉంచి మన జట్టు సంగతికొస్తే, తెలుగు టైటాన్స్ తొలి సీజన్‌లో విశాఖపట్నంలో ఆడింది. 2015లో గచ్చిబౌలికి వచ్చింది. జి.ఎం.సి. బాలయోగి ఇండోర్ స్టేడియం అంటే పటాన్‌చెరు, రామచంద్రాపురం వాళ్లకు ఎంత దూరమని? లింగంపల్లిలో దిగి ఇంకో బస్సెక్కడమే. బి.హెచ్.ఇ.ఎల్. టౌన్‌షిప్ నుంచైతే ఇంకా దగ్గర. బొల్లారంలో, పాశమైలారంలో షిఫ్టు దిగి సరాసరి వెళ్లగలిగే దూరంలో అంత పెద్ద తమాషా అంతకుముందు ఏదీ లేదు.

గమ్మత్తేమిటంటే, ఈ జట్టు 2014 నుంచి 2025 దాకా పన్నెండు సీజన్లు ఆడి ఒక్కసారి కూడా కప్పు గెలవలేదు. 2022లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచినవి రెండే. అయినా జనం ‘టైటాన్స్... టైటాన్స్’ అని గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నారు. ఆ జట్టులో మనవాళ్లెందరో తెలుసా? మొదటి సీజన్ నుంచి ఆరో సీజన్ దాకా జనం నెత్తిన పెట్టుకున్న రాహుల్ చౌధరిది ఉత్తరప్రదేశ్. 2019లో రూ.1.45 కోట్లకు కొన్న సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర. 2023 వేలంలో రూ.2.605 కోట్లు పెట్టి తెచ్చుకున్న పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ. ఒక్కరూ తెలుగు మాట్లాడి పెరిగినవాళ్లు కాదు. కానీ చొక్కా మీద ‘తెలుగు’ అని ఉంది. అంతే, వాళ్లు మనవాళ్లయిపోయారు!

ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

బల్ల మీది బంతులకూ ఈలలా?

ఆటను తిరునాళ్లుగా మార్చే విద్య మనవాళ్లు కనిపెట్టింది కాదు. పూల్ అని ఒక ఆట ఉంది. బట్ట పరిచిన బల్ల, దానికి ఆరు గుంటలు, రంగు రంగుల బంతులు, వాటిని పొడవడానికి ఓ కర్ర. మన దగ్గర స్నూకర్ పార్లర్లలో ఆడతారు. అక్కడికి మనం వెళ్లం, మన పిల్లల్ని వెళ్లనివ్వం. సూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఆడాల్సిన ఆట అది.

అలాంటి ఆటతో 1994లో ఇంగ్లండులోని రామ్‌ఫర్డ్‌లో ‘మాస్కోనీ కప్’ అని మొదలుపెట్టారు. ఒంటరిగా ఆడే ఆటగాళ్లను జట్లు చేశారు. ఒకవైపు యూరప్, ఒకవైపు అమెరికా. ఇక చూడండి! ఆటగాళ్లు పాటలతో జనం మధ్యలోంచి నడిచొస్తారు. ప్రేక్షకులు జట్టు పేరుతో పాటలు కట్టి పాడతారు. అవతలివాడు గురి తప్పితే గోల గోల చేస్తారు. ఆడనివాళ్లు పక్కనే కూర్చుని, బంతి గుంటలో పడగానే లేచి పిడికిళ్లు ఊపుతారు. అక్కడా 30 సెకన్ల గడియారమే! నిశ్శబ్దం ఆటను అరుపుల ఆటగా మార్చింది ఏమిటంటే, బల్ల దగ్గర నిలబడ్డవాడు ఇప్పుడు ఒక మనిషి కాదు, ఓ ఖండం.

ఆ మొదటి కప్పులో ఇంకో విశేషం. రెండు జట్లలోనూ ఆడవాళ్లున్నారు. యూరప్ వైపు ఆలిసన్ ఫిషర్, ఫ్రాంజిస్కా స్టార్క్. అమెరికా వైపు వివియన్ విల్లారియల్, జానెట్ లీ. ఈ జానెట్ లీకి ‘బ్లాక్ విడో’ అని పేరు. నల్ల దుస్తులేసుకుని, చూపుతోనే అవతలివాళ్లను హడలెత్తించేది. వెన్నెముక వంకర జబ్బుతో చిన్నప్పటి నుంచి ఆపరేషన్లమీద ఆపరేషన్లు చేయించుకున్న మనిషి ఆమె. ఆ నొప్పితోనే వంగి కర్ర పట్టింది. జనాన్ని ఎలా పట్టుకోవాలో ఆమె దగ్గర నేర్చుకోవాలి. ఆ ఏడాది అమెరికా 16-12తో గెలిచింది.

ఆ తర్వాత కొద్దికాలానికే జట్లలోంచి ఆడవాళ్లు మాయమయ్యారు. కప్పు పెద్దదైంది, డబ్బు పెరిగింది, జనం పెరిగారు, వాళ్లు మాత్రం లేరు. మన దేశంలో 2017లో అహ్మదాబాద్‌లో స్నూకర్, పూల్ కలిపి క్యూ మాస్టర్స్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ పేరుతో ఓ జట్టు ఉండేది. అందులో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి జట్లలో ఆడారు. అంటే కలిపి ఆడించడం కుదరని పనేం కాదు.

జనం విలువ ఎంతో కరోనా చెప్పింది. 2020లో మాస్కోనీ కప్పును కోవెంట్రీలో ఒక్క ప్రేక్షకుడు లేకుండా ఆడించారు. మన ప్రొ కబడ్డీ 2021-22 సీజన్ మొత్తం బెంగళూరులో ఓ హోటల్లో తలుపులు మూసుకుని జరిగింది. ఆట అదే, గడియారం అదే. టీవీలో చూసినవాళ్లకు ఉప్పులేని కూరలా అనిపించింది.

ఒక్క పాయింటు

ఇప్పుడు గచ్చిబౌలికి వద్దాం. 2016 జులై 31. నాలుగో సీజన్ ఆఖరి రోజు. మగవాళ్ల ఫైనల్లో పాట్నా పైరేట్స్ జైపూర్ పింక్ పాంథర్స్‌ను 37-29తో ఓడించింది. ఎనిమిది పాయింట్ల తేడా. అదే రోజు అదే స్టేడియంలో ఆడవాళ్ల ఫైనల్ కూడా జరిగింది. స్టార్మ్ క్వీన్స్ 24, ఫైర్ బర్డ్స్ 23. ఒక్క పాయింటు తేడా! ఉత్కంఠ కావాలనుకున్నవాళ్లకు ఆ రోజు అసలు ఫైనల్ ఏదో మీరే చెప్పండి.

దాని పేరు ఉమెన్స్ కబడ్డీ ఛాలెంజ్. జట్లు మూడే. మగవాళ్ల లీగుతో పాటు ఊరూరా తిరిగాయి. అవే దీపాలు, అవే పాటలు, అదే టీవీ. మూడు జట్లకూ నాయకురాళ్లు సామాన్యులు కారు. స్టార్మ్ క్వీన్స్‌కు తేజస్విని బాయి, 2011లో అర్జున అవార్డు. ఫైర్ బర్డ్స్‌కు మమతా పూజారి, 2014లో అర్జున. ఐస్ దివాస్‌కు అభిలాషా మాత్రే, 2015లో అర్జున. మమత అయితే 2012లో పాట్నాలో జరిగిన తొలి మహిళల ప్రపంచకప్పును గెలిచిన జట్టుకు నాయకురాలు. 2010, 2014 ఏషియాడ్‌లలో స్వర్ణం గెలిచిన జట్లలో ఉన్న మనిషి.

మరి ఆ పోటీ రెండో ఏడు ఎందుకు జరగలేదు? వ్యాపారులు చెప్పే కారణాలు వ్యాపారులకుంటాయి. నాకు తోచిన కారణం ఒకటుంది. జట్ల పేర్లు ఇంకోసారి చదవండి. నిప్పు పిట్టలు, మంచు రాణులు, తుపాను రాణులు. వీళ్లది ఏ ఊరు?

మగవాళ్ల జట్లకు పాట్నా ఉంది, జైపూర్ ఉంది, ఢిల్లీ ఉంది, ‘తెలుగు’ ఉంది. గచ్చిబౌలిలో కూర్చున్న మనిషి నిప్పు కోసం అరవాలా, తుపాను కోసం అరవాలా? ఉత్తరప్రదేశ్ కుర్రాడిని మనవాడిని చేసిన మంత్రం చొక్కా మీది పేరే కదా. ఆ పేరే వీళ్లకు ఇవ్వలేదు. దీపాలిచ్చారు, పాటలిచ్చారు. ఊరివ్వలేదు.

ఇంకా చిత్రమేమిటంటే, మమతా పూజారి పుట్టింది కర్ణాటకలోనే అయినా ఉద్యోగం దక్షిణ మధ్య రైల్వేలో. అంటే మన సికింద్రాబాద్ రైల్వే! ఆ రాత్రి గచ్చిబౌలిలో ఒక్క పాయింటుతో ఓడిన నాయకురాలు ఈ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న మనిషే. ఫైర్ బర్డ్స్ బదులు ఆ జట్టుకు హైదరాబాద్ అని పేరుండి ఉంటే, ఆ ఇరవై నాలుగో పాయింటు కోసం స్టేడియం పైకప్పు లేచిపోయి ఉండేది కాదూ?

తొడ ఎవరిది?

తొడకొట్టడం అంటే మన సినిమాల్లో మగవాడి హక్కు. కబడ్డీ సినిమాలూ అంతే. ‘ఒక్కడు’ (2003), ‘కబడ్డీ కబడ్డీ’ (2003), ‘భీమిలి కబడ్డీ జట్టు’ (2010), అన్నిట్లోనూ ఆడేది హీరోనే. 2021లో వచ్చిన ‘సీటీమార్’ కాస్త నయం. అందులో ఆడేది అమ్మాయిలు, తెలంగాణ జట్టు కోచ్‌గా తమన్నా. అయినా కథను మోసేది, కొట్లాటలు చేసేది ఆంధ్రా జట్టు కోచ్ గోపీచందే. పేరులోనే ఈల ఉన్న సినిమాలో కూడా ఎక్కువ ఈలలు హీరోకే.

నిజం బరిలో అమ్మాయిలు తొడకొడతారు. పట్టు దొరికితే కొడతారు, కూత గెలిస్తే కొడతారు. అదేమీ పొగరు కాదు, ఆటలో భాగం. అవతలి ఏడుగురికి ‘రండి చూసుకుందాం’ అని చెప్పడం, చుట్టూ ఉన్న జనాన్ని తనవైపు లాక్కోవడం. ఇది నేర్పితే వచ్చేది కాదు, జనం ముందు ఆడితే వచ్చేది. మన అమ్మాయిలకు జనం ఎక్కడ దొరుకుతున్నారు? మహిళా దినోత్సవమొస్తే కాలనీల్లో, కంపెనీల్లో మనకు పెట్టే పోటీలు చూడండి. మ్యూజికల్ చైర్స్, చెంచాలో నిమ్మకాయ, ముగ్గులు. గెలిస్తే స్టీలు డబ్బా. ఎనిమిది గంటలు నిలబడి ప్యాకింగ్ చేసే మనిషికి, పెట్టెలు మోసే మనిషికి నిమ్మకాయ పందెం! తాడు లాగుడు పెట్టినచోట మాత్రం ఆ కేకలు గేటు దాకా వినిపిస్తాయి. నమ్మకపోతే ఈసారి పెట్టి చూడండి.

ఇక బట్టల సంగతి. పదో తరగతిలో బాగా ఆడే అమ్మాయి ఇంటర్లో మానేస్తుంది. అడిగితే ముందు చెప్పేది నిక్కరు సంగతే. ‘పెద్దపిల్లయింది, జనంలో అవేం బట్టలు’ అంటారు ఇంట్లో. ఇరాన్ అమ్మాయిల సంగతి తెలిస్తే ఆ మాట అనరేమో. తల నుంచి కాళ్ల దాకా కప్పుకుని ఆడతారు. అలా ఆడే 2018 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో మనవాళ్లను 27-24తో ఓడించి స్వర్ణం పట్టుకుపోయారు. వాళ్లకు ఆట నేర్పిన కోచ్ ఎవరనుకున్నారు? మన మహారాష్ట్ర ఆవిడ, శైలజా జైన్. ఆడాలనుంటే బట్ట అడ్డం రాదు. ఆడనివ్వకూడదనుకుంటేనే అన్నీ అడ్డం వస్తాయి.

రెండున్నర కోట్లు, రైల్వే ఉద్యోగం

డబ్బు మాట ఎత్తకుండా ఈ కథ పూర్తికాదు. మగవాళ్ల వేలంలో 2023లో ఒక్కరికి రెండున్నర కోట్లు పలికాయి. ఆడపిల్ల కబడ్డీలో ఎంత ఎత్తుకు ఎదిగినా కనిపించే గమ్యం స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, అందులోనూ రైల్వే. జాతీయ పోటీల్లో దశాబ్దాలుగా ఎక్కువసార్లు గెలుస్తున్నది రైల్వే అమ్మాయిల జట్టే కావడానికి కారణం అదే. మంచి ఆటగత్తెలందరినీ ఉద్యోగమిచ్చి తీసుకుంటుంది. నేను ఆ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడటం లేదు. నెలనెలా వచ్చే జీతం, క్వార్టరు, పింఛను... కాంట్రాక్టు పనుల మీద బతికే మన పారిశ్రామికవాడలో ఏ తల్లి వద్దంటుంది? సంగారెడ్డి అంబేద్కర్ స్టేడియంలో ప్రాక్టీసు చేసే పిల్ల తల్లిదండ్రులకు లీగు కలల కన్నా ఆ ఉద్యోగం ధైర్యాన్నిస్తుంది. అయితే ఉద్యోగాలు కొన్నే. లీగు ఉంటే ఇంకో వందమందికి పదేళ్లపాటు ఆడి సంపాదించే దారి ఉంటుంది. వాళ్లను టీవీలో చూసి ఇంకో వెయ్యిమంది ఇళ్లల్లో ‘మా పిల్లను పంపుతాం’ అంటారు. మగపిల్లల విషయంలో 2014 తర్వాత జరిగింది అదే కదా.

చూడ్డానికి వెళ్లే ఆడవాళ్ల కష్టం వేరే. మ్యాచ్‌లు రాత్రి పూట. రెండోది ముగిసేసరికి పది అవుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో మనకు టిక్కెట్టు లేదు సరే, ఆ వేళకు లింగంపల్లి నుంచి సంగారెడ్డి బస్సు కోసం నిలబడాలంటే తోడు కావాలి. అందుకే వెళ్లేవాళ్లు కుటుంబంతో వెళతారు, లేదా పదిమంది కలిసి ఆటో మాట్లాడుకుంటారు. మధ్యాహ్నం మ్యాచ్ పెడితే సగం ఇబ్బంది పోతుంది. ఆడవాళ్ల లీగు పెట్టేవాళ్లెవరైనా ఉంటే ముందు ఈ ఒక్కటి ఆలోచించాలి.

పెట్టేవాళ్లున్నారా? మహిళల లీగు తెచ్చే ఆలోచన ఉందని 2023లో మషాల్ స్పోర్ట్స్ ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరు 7న హాంగ్జౌ ఏషియాడ్‌లో మన అమ్మాయిలు చైనీస్ తైపీని 26-25తో ఓడించి స్వర్ణం గెలిచారు. మళ్లీ ఒక్క పాయింటే! ఆ క్రీడల్లో భారత్‌కు అది వందో పతకం కూడా. దేశమంతా పండగ చేసుకుంది. మరుసటి ఏడాది 2024 అక్టోబరు 18న ప్రొ కబడ్డీ పదకొండో సీజన్ మన గచ్చిబౌలిలోనే మొదలైంది. పన్నెండు జట్లు, పన్నెండూ మగవాళ్లవే.

ఈలోగా మనకు దగ్గరలో ఒక కబడ్డీ ఉంది. మండల స్థాయి స్కూలు ఆటల పోటీలు ఏటా జరుగుతాయి. అమ్మాయిల మ్యాచ్‌లు పొద్దున్నే పెట్టి ముగించేస్తారు. చూసేవాళ్లు పి.ఇ.టి. సారు, నలుగురు టీచర్లు, తమ వంతు కోసం గీత పక్కన కూర్చున్న పిల్లలు, అంతే. రంగు దీపాలుండవు, డీజే ఉండడు. ఈసారి మీ స్కూలు జట్టు ఆడుతోందని తెలిస్తే, సెకండ్ షిఫ్టుకు వెళ్లేముందు ఓ గంట తీరిక చేసుకుని, పక్కింటి వదినను కూడా తీసుకెళ్లండి. అక్కడి జట్లకు నిప్పు, మంచు పేర్లుండవు. జిన్నారం, గుమ్మడిదల, కంది, సదాశివపేట అనే ఉంటాయి. ఎవరికోసం అరవాలో ఎవరూ చెప్పక్కర్లేదు.